ప్రభువు బల్లకు ముందు శనివారం

జెర్లీన్ కారు ఆలివ్ గ్రోవ్ చర్చి ముందు ఆగింది గానీ ఆమె దిగలేదు. పోయినసారి అక్కడిదాకా వచ్చాం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. జెర్లీన్ హగిన్స్ పాటలు పాడేది. ఆ పాటల్ని రేడియోవాళ్లు మొదట సోల్ అన్నారు, తర్వాత ఫంక్ అన్నారు. ఎనిమిదేళ్ల కింద, డెబ్భై ఒకటిలో, ఆమె రికార్డు ఒకటి మా అలబామాలోనూ పక్కన జార్జియాలోనూ వేసవంతా మోగింది. దానికి ముందు మూడు వచ్చాయి, తర్వాత రెండు. ఆ అయిదూ కొన్నవాళ్లందరినీ పిలిచి కూర్చోబెడితే మా చర్చిలో రెండు బెంచీలు నిండవు. గోడల మీద అంటించే కాగితాల్లో ఆమె పేరు ఏడాదికేడాది చిన్న అక్షరాల్లోకి దిగింది. ఒక ఏడు అసలు లేదు. ఇప్పుడు మాంట్‌గొమరీలో ఒక బడి వంటశాలలో పిల్లలకు వడ్డిస్తోంది. ఆమె వెనక బాస్ గిటారు వాయించినవాణ్ని నేను. పేరు ఓథా లాసిటర్. కాగితం మిల్లుకు పైన్ దుంగలు తోలుతాను. ఆలివ్ గ్రోవ్ సంఘంలో డీకన్ని, అంటే పాస్టరుకు తోడుగా సంఘం పనులు చూసే పెద్దల్లో ఒకణ్ని.

డీకన్ అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఎందుకో ఈ వారం చెప్పక తప్పదు.

మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. దాని ముందురోజు శనివారం మధ్యాహ్నం సభ్యులంతా కూడాలి. ఎవరి మీద ఎవరికి ఏమున్నా అక్కడ చెప్పుకుని సమాధానపడాలి. ఆ తర్వాతే రొట్టె ముట్టుకోవాలి. తప్పు చేసినట్టు సంఘం అనుకున్న మనిషి ముందుకొచ్చి, జనానికి ఎదురుగా నిలబడి క్షమాపణ అడగాలి. ఆడవాళ్లే నిలబడాలని ఎక్కడా రాసిలేదు. కానీ నలభై ఏళ్లలో నేను చూసినంతవరకు అలా నిలబడిన మగవాళ్లు ఇద్దరే. ఒకడు చర్చి పొయ్యి ఊడదీసి అమ్ముకున్నాడు. రెండోవాడికి మతి సరిగా ఉండేది కాదు.

జెర్లీన్ నిలబడటానికే వచ్చింది. ఆమెకు కావలసింది ఒక్కటి. మర్నాడు అర్జులా పెద్దమ్మ పక్కన కూర్చుని బల్ల తీసుకోవాలి. జెర్లీన్‌కు పాట నేర్పింది పెద్దమ్మే. ఎనభై నాలుగేళ్లు ఆమెకు. మొన్న వసంతంలో మెట్ల మీద పడిపోయింది. ఆ కబురు విన్నప్పటినుంచి జెర్లీన్‌కు మనసు మనసులో లేదు. ఎనిమిదేళ్లుగా పెద్దమ్మ ఆమెతో మాట్లాడటం లేదు.

కారణం ఆ రికార్డు.

బుధవారం ప్రార్థనలో డీకన్ ఒకాయన కీర్తన పాదం అందిస్తాడు, జనం దాన్ని సాగదీసి పాడతారు. పాదాలన్నీ అయ్యాక మాటలు వదిలేసి, పెదవులు మూసుకుని రాగం తీస్తారు. దాన్ని మేం మూలుగు అంటాం. పెద్దమ్మ మూలుగు వేరు. మూడు మెట్లు దిగినట్టు దిగి, నాలుగోదాని మీద కాసేపు ఆగి, అక్కణ్నుంచి ఇంకెవరూ ఎక్కలేని చోటికి ఎక్కేది. జెర్లీన్ రికార్డులో మధ్యన సరిగ్గా అదే ఉంది. ప్రభువు ఉన్నచోట మగవాడు వచ్చాడు, అంతే తేడా. రికార్డు మీద పాట పేరు కింద, కట్టినది జెర్లీన్ హగిన్స్ అని అచ్చయింది.

ఆ ఏడు ఆగస్టులో నేను రెండు రోజులు ఇంటికొచ్చి ఉన్నాను. చేపల కొట్టు ఎదురుగా బండిలో కూర్చుని ఉండగా పెద్దమ్మ వచ్చింది. కొట్టువాడు రేడియో పెట్టాడు. ఆమె చేపల పొట్లం పట్టుకుని పాట అయ్యేదాకా నిలబడింది. కాగితం తడిసి నీళ్లు ఆమె బూట్ల మీద కారాయి. పాట అయ్యాక పొట్లం బల్ల మీదే పెట్టేసి వెళ్లిపోయింది. ఆ వారం నుంచి ప్రార్థనకు వస్తుంది, కూర్చుంటుంది, గొంతు మాత్రం విప్పదు. నేను బండి దిగలేదు.

సరే. ఆ శనివారం నేనే వెళ్లి కారు తలుపు తీశాను. బూడిద రంగు గౌను వేసుకుంది. చెవులకు ఏమీ లేవు. ఒకప్పుడు మోకాళ్లదాకా వెండి రంగు బూట్లు వేసుకుని, ఆమె వేదిక మీద నడుస్తుంటే పలకలు కదిలేవి. ఇప్పుడు నర్సులు వేసుకునే తెల్ల బూట్లు వేసుకుంది. రోజంతా నిలబడే పని.

దిగకముందు నన్నొక మాట అడిగింది.

"అన్నా, పెద్దమ్మ ఆ రాగం నన్ను పాడుకోమందని నువ్వే కదా వచ్చి చెప్పావు. మరి ఇచ్చినావిడ ఎందుకు మొహం తిప్పుకుంటోంది?"

"పెద్దావిడ. మర్చిపోయి ఉంటుంది," అన్నాను.

పాఠకులకు ఇక్కడే చెప్పేస్తాను. పెద్దమ్మ ఇవ్వలేదు. నేను అడగనే లేదు. ఆ ఫిబ్రవరిలో ఒక బుధవారం, బ్యాటరీలతో నడిచే టేపు మిషను బూట్ల అట్టపెట్టెలో పెట్టి, బెంచీ కింద దాచి రికార్డు చేశాను. రికార్డులు తీసే ఆయనకు వినిపించాను. ఎవరు కట్టారని ఆయన అడిగితే జెర్లీన్ అన్నాను. ఎక్కణ్నుంచి వచ్చిందని జెర్లీన్ అడిగితే పెద్దమ్మ ఇచ్చిందన్నాను. రెండు నోళ్లకు రెండు అబద్ధాలు.

ఆ వేసవి మేం పాడిన ప్రతిచోటా ఆ మూలుగు దగ్గర డ్రమ్ములు ఆగిపోయేవి, ఆమె మైకుకు రెండడుగులు వెనక్కి జరిగేది. కింద నా బాసు ఒక్కటే. జనం చేతుల్లో గ్లాసులు దించేసేవాళ్లు. డోథన్‌లో ఒకావిడ మొహం కప్పుకుని బయటికి వెళ్లిపోయింది. పాట అయ్యాక జెర్లీన్ ప్రతిసారీ ఒకే మాట చెప్పేది: ఇది మా పెద్దమ్మ నాకిచ్చింది. గర్వంగా చెప్పేది. నేను వెనక నిలబడి తీగలు సరిచేసుకుంటున్నట్టు తల వంచుకునేవాణ్ని.

చర్చిలో నలభై మందిదాకా ఉన్నారు. అట్ట విసనకర్రలు ఊగుతున్నాయి. పాస్టరు క్రెన్షాగారు వయసులో చిన్నవాడు, ఇలాంటి పని త్వరగా అయిపోతే బాగుండునని మొహంలోనే ఉంది. పెద్దమ్మ తెల్ల గౌనులో ముందు బెంచీ చివర కూర్చుంది, చేతికర్ర మోకాళ్ల మధ్య. నేను వెళ్లి డీకన్ల బెంచీలో కూర్చున్నాను. ఆ బెంచీ పక్కకు తిరిగి ఉంటుంది. నిలబడిన మనిషి మొహం అక్కణ్నుంచి బాగా కనిపిస్తుంది.

జెర్లీన్ నిలబడింది. పాడకూడని చోట్ల పాడానంది. ఒక ఆదివారం పొద్దున, చర్చి గంట వినిపిస్తుండగానే, హోటల్లో తాగిన మైకంలో పడుకుని ఉన్నానంది. వేసుకున్న బట్టల గురించి చెప్పింది. ఆ మాట దగ్గర వెనక బెంచీలో మగవాళ్లు కొంచెం కదిలారు. ఆ బట్టలు వాళ్లకీ గుర్తున్నాయి.

సంఘం లెక్కాపత్రాలు రాసే సిస్టర్ ఫ్రోనీ లేచింది. ఇంకొకటి మిగిలిందంది. సంచిలోంచి ఆ రికార్డు తీసి పైకి పట్టుకుంది.

"పెద్దమ్మ నోట్లోంచి లాక్కున్నావు. పైగా నీ పేరు అచ్చేయించుకున్నావు. చూడండి, ఇక్కడుంది. నా ఇంట్లో ఉండవలసింది కాదు, సాక్ష్యం కోసమని దాచాను."

"సాక్ష్యం బాగానే అరిగినట్టుందే సిస్టర్," అని వెనకనుంచి ఎవరో అన్నారు. నిజమే. ఆ రికార్డు గాడులు తిరిగి తిరిగి తెల్లబడి ఉన్నాయి. కొందరు విసనకర్రలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. ఫ్రోనీ దాన్ని సంచిలో దోపి కూర్చుంది.

జెర్లీన్ నవ్వలేదు. నావైపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. పదకొండేళ్లు చూశాను. పాట మొదలయ్యే ముందు, నేను సిద్ధంగా ఉన్నానా అని ఒక్కసారి తిరిగి చూసేది. నేను తల ఊపితే పాడటం మొదలుపెట్టేది. ఆ రోజు నేను లేచి రెండు ముక్కలు చెబితే సరిపోయేది. నేను నా బూట్ల వైపు చూశాను. ఎడమ బూటుకు పైన్ జిగురు అంటుకుని ఉంది. దాన్నే చూశాను.

మళ్లీ తలెత్తేసరికి ఆమెకు అంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పలేను. జనం వైపు తిరిగింది.

"ఆ రాగం నాది కాదు. నేను కట్టలేదు. పెద్దమ్మను నేనే వెళ్లి అడగాల్సింది, అడగలేదు. అది నా తప్పు. ఇంకెవరిదీ కాదు."

ఇంకెవరిదీ కాదన్నప్పుడు గొంతు కొంచెం కూడా వణకలేదు.

పాస్టరుగారు ఊపిరి వదిలారు. సిస్టర్ జెర్లీన్‌ను క్షమించి సంఘంలోకి తీసుకోవడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. చేతులు లేచాయి. ఫ్రోనీ కూడా ఎత్తింది. డీకన్ల బెంచీలో అందరూ ఎత్తారు.

నేనూ ఎత్తాను.

ఈ ఒక్క సంగతి దాటేద్దామని రెండు రోజులు కాగితం ముందు పెట్టుకు కూర్చున్నాను. దాటేస్తే ఈ కథ రాయడం ఎందుకు. నా తప్పు తన నెత్తిన వేసుకుని నిలబడిన మనిషిని క్షమించడానికి, నా కుడి చెయ్యి, భుజం కన్నా పైకి ఎత్తాను.

పెద్దమ్మ చేతులు మాత్రం కర్ర మీదే ఉన్నాయి. పాస్టరుగారు వంగి, చెయ్యెత్తలేకపోతే తలూపినా చాలన్నారు.

"చెయ్యి బాగానే ఉంది నాకు," అంది పెద్దమ్మ. "ఈ పిల్లని క్షమించడానికి నా దగ్గర ఏముందని ఎత్తను? ఇది చిన్నప్పటినుంచీ అడక్కుండా మా ఇంట్లో నీళ్లయినా తాగలేదు. ఆ బుధవారం కిటికీ పక్క నాలుగో బెంచీలో ఎవరు కూర్చున్నారో వాళ్లు లేస్తే చాలు."

విసనకర్రలు ఆగాయి.

"బెంచీ కింద ఏదో చక్రం తిరుగుతున్న చప్పుడు. గోడలో ఎలుక అనుకున్నా మొదట. ఎలుక అంత నిదానంగా ఒకేలా తిరగదు. చేపల కొట్లో నా రాగం వినపడ్డప్పుడు తెలిసింది అదేంటో. ఎనిమిదేళ్లు చూశా, లేస్తాడా అని. దీనితో మాట్లాడితే నా నోటినుంచే బయటపడుతుందని దీనికీ మొహం చాటేశా. ఒరే ఓథా, నిన్ను డీకన్ చేసిన రోజు కూడా చూశా. ఇవాళ ఇందాక నువ్వు చెయ్యెత్తినప్పుడూ చూశా."

డీకన్ల బెంచీ నుంచి ముందుకు ఆరడుగులు. నడిచి వెళ్లి జెర్లీన్ పక్కన నిలబడ్డాను. ఆమె ఒక అడుగు పక్కకు జరిగింది. చోటివ్వడానికి అని జనం అనుకుని ఉంటారు.

చెప్పాను. మిషను గురించి, బూట్ల పెట్టె గురించి, రెండు అబద్ధాల గురించి. ఎందుకు చేశావని పాస్టరుగారు అడిగారు. ఈసారి కొత్తది లేకపోతే ఈ అమ్మాయితో ఇక పాడించేది లేదని రికార్డు కంపెనీవాళ్లు అన్నారని చెప్పాను. ఆమె కోసం చేశానని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అక్కడ నిలబడితే ఆ మాట నోటికి రాలేదు. ఆమెను వద్దంటే నన్నూ వద్దంటారు, మళ్లీ దుంగల బండి దగ్గరికి రావాలి, అందుకని చేశాను. అదే చెప్పాను. మా బాబాయి కొడుకొకడు వెనక బెంచీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

జెర్లీన్ నావైపు తిరక్కుండానే, నాకు మాత్రమే వినపడేలా అంది.

"చెయ్యెత్తావు అన్నా."

అంతే అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నా సంగతి చూడాలి. పాస్టరుగారు ఏదో మొదలుపెట్టబోయారు. పెద్దమ్మ కర్ర ఎత్తి ఆపింది.

"వీడి క్షమాపణ రేపు చూద్దాం. నాకు వేరే పనుంది వీడితో. ఆ బుధవారం పాదం అందించింది ఎవర్రా?"

నాకు వెంటనే గుర్తురాలేదు. తర్వాత వచ్చింది.

"హోజీ పెదనాన్న," అన్నాను.

హోజీ టిన్స్‌లీ, ఆమె భర్త. ముప్ఫై ఏళ్లు మా చర్చిలో పాదాలు అందించినాయన. ఆ బుధవారం తర్వాత రెండు వారాలకు పొలంలో ట్రాక్టరు పక్కన కూలిపోయాడు. మళ్లీ లేవలేదు.

"మా ఆయన మొహం నాకు గుర్తుంది," అంది పెద్దమ్మ. "నడక గుర్తుంది. టోపీ ఎటు వంచి పెట్టుకునేవాడో కూడా గుర్తుంది. గొంతు పోయింది. మొన్న పడ్డప్పటినుంచి ఎంత వెతికినా దొరకడంలేదు. మంచం మీద పడుకుని, ఆయన నన్నెట్లా పిలిచేవాడా అని చూస్తా. పెదాలు కదుల్తాయి, చప్పుడు రాదు. నీ పెట్టెలో నా మూలుగు ఉందంటే ముందు ఆయన పాదం కూడా ఉండాలి కదా."

ఫ్రోనీ కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ టేపు తెచ్చి నాకు వినిపించు. ఎవర్నీ అడక్కుండా నువ్వు చేసిన పనిలో ఒక్క మంచి ఉంటే అదొక్కటే. విన్నాక రేపు నువ్వూ, నేనూ, ఈ పిల్లా ఒకే బెంచీలో కూర్చుని బల్ల తీసుకుందాం. ఉందా టేపు?"

నలభై మంది నా నోటివైపు చూశారు. వాళ్లను తట్టుకోగలను. జెర్లీన్ కూడా చూసింది. కోపం పూర్తిగా పోలేదు. కానీ దాని కింద ఇంకేదో ఉంది. ఈ ఒక్కటైనా సరిగ్గా ఉండనీ అన్నట్టు.

"ఉంది పెద్దమ్మా," అన్నాను.

జనం అంతా ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నారు. ఎవరో ఆమెన్ అన్నారు. పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. మంచి మనిషి.

టేపు ఉన్నమాట నిజం. మా ఇంట్లో గిటారు పెట్టెలో, తీగల పొట్లాల కింద ఉంది. ఆ ఏడు జూలైలో మేం ఊరూరా తిరుగుతున్నప్పుడు కొత్త పాటలకు బాసు సాధన చేసుకోవాల్సి వచ్చింది. ఖాళీ టేపు దొరకలేదు. వాయించేవాళ్లం అందరం చేసే పనే అది, ఉన్నదాని మీద మళ్లీ రికార్డు చేసుకోవడం. ఆ మూలుగు అప్పటికే రికార్డులోకి ఎక్కింది కదా, ఇక దీనితో పనేముంది అనుకున్నాను. ఆ టేపులో మొదటినుంచి చివరిదాకా ఉన్నది నేనొక్కణ్నే. తప్పు వాయించి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ తప్పు వాయించి.

రేపు పొద్దున తెస్తానని చెబుదామనుకున్నాను. ఒక్క పూట దొరికితే ఏం చేసేవాణ్నో నాకూ తెలియదు.

పెద్దమ్మ అప్పటికే లేచి నిలబడింది.

"రేపటిదాకా దేనికి? ఎండ ఇంకా ఉంది. నీ బండి బయటే ఉందిగా," అంది. జెర్లీన్ వైపు చెయ్యి చాచింది. ఎనిమిదేళ్ల తర్వాత ఆ చెయ్యి అటు వెళ్లడం అదే మొదలు. "పట్టుకోవే పిల్లా. ఆ మెట్లు నాకు పడవు."

జెర్లీన్ పట్టుకుంది. పెద్దమ్మను బండిలోకి ఎక్కించడానికి ముగ్గురు సాయం పట్టారు. మధ్యలో కూర్చోబెట్టాం. జెర్లీన్ అటు చివర కూర్చుని తలుపు లాగింది. చర్చి వాకిట్లో జనం చేతులు ఊపారు, పెళ్లిబండి సాగనంపినట్టు.

మా ఇల్లు నాలుగు మైళ్లు. రెండో మైలు దగ్గర పెద్దమ్మ, ఆయన పాదం మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకునేవాడు కాదనీ, అందరూ సర్దుకునేదాకా కిటికీలోంచి బయటికి చూసేవాడనీ చెప్పింది. జెర్లీన్, అవును, కుడిచెయ్యి చెవి దగ్గర పెట్టుకునేవాడు అంది. ఇద్దరూ కొంచెం నవ్వారు. వాగు వంతెన దాటాక పెద్దమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు మూసుకునే రాగం తీసింది. మూడు మెట్లు దిగింది. గొంతు సన్నబడింది గానీ దారి తప్పలేదు. నాలుగోదాని మీద ఆగినప్పుడు జెర్లీన్ కింద కలిసింది, ఆవిడ్ని దాటకుండా, అణిగి. ఎనిమిదేళ్లు రాని రాగం, వినబోయే గొంతు కోసం సిద్ధమవుతోంది.

మా మలుపు కనిపించింది. రోడ్డు పక్కన ఉత్తరాల పెట్టె మీద లాసిటర్ అని నేనే రంగుతో రాసుకున్న పేరు కనిపించింది. చేతులు చక్రం మీదే ఉన్నాయి. కాలు బ్రేకు మీదికి వెళ్లలేదు. పేరు పెద్దదై, పక్కకొచ్చి, వెనక్కి పోయింది.

రాగం ఆగింది.

"అన్నా," అంది జెర్లీన్. "మీ ఇల్లు దాటిపోయింది."